లేజర్ ప్రింటర్‌కు ఏ కాగితం? తెలుపు ఒక్కటే చూస్తే నష్టం

జూన్ నెలలో బడులు, కాలేజీలు తెరిచేసరికి కాగితం బజారులో ఏ4 రీములకు గిరాకీ పెరగడం ఏటా వున్నదే. ఒకప్పుడు ఈ సీజనులో నోటుపుస్తకాల కాగితానిదే పైచేయి. ఇప్పుడు జిరాక్సు దుకాణాలు, డీటీపీ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, కోర్టుల వెలుపల అర్జీలు తయారుచేసే చిన్న గదులు, ఆడిటర్ల ఆఫీసులు, ఆసుపత్రుల బిల్లింగ్ కౌంటర్లు అన్నిటికీ కావలసిన సరుకు ఒక్కటే. అది 500 షీట్ల ఏ4 రీము. అయితే ఈ సరుకు కొనేవారిలో చాలామంది దుకాణం ముందు నిలబడి అడిగేవి రెండే ప్రశ్నలు. రేటెంత? తెల్లగా వుంటుందా? బియ్యం కొనేటప్పుడు గింజ నోట్లో వేసుకుని కొరికి చూసే మనిషి, పత్తి కొనేటప్పుడు పింజ లాగి చూసే వ్యాపారి, కాగితం దగ్గరకు వచ్చేసరికి పై కవరు మీది బొమ్మ చూసి బేరం ముగిస్తున్నాడు.

ఈ అశ్రద్ధకు మూల్యం రెండు చోట్ల చెల్లించవలసి వస్తున్నది. ఒకటి యంత్రంలో. రెండవది చెట్టు పెరిగిన నేల మీద, గుజ్జు వండిన మిల్లు పక్కన పారే నీటిలో. మొదటిది కొనుగోలుదారుకు ఆ వారంలోనే తెలిసిపోతుంది. రెండవది అతనికి కనిపించదు. కాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఆ రెండవ లెక్కతో నేరుగా సంబంధమున్న రైతులు వేలమంది వున్నారు.

యంత్రం లోపల జరిగేది

లేజర్ ప్రింటరు సిరాతో అచ్చువేయదు. 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ కనిపెట్టిన పొడి ముద్రణ పద్ధతికి, 1970 ప్రాంతంలో జిరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజరు కిరణాన్ని జతచేయడంతో ఈ యంత్రం పుట్టింది. 1984లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ లేజర్‌జెట్‌ను విడుదల చేసిన తర్వాత ఇది మామూలు ఆఫీసు బల్లమీదికి చేరింది. ఇందులో వాడే టోనరు నల్లని పిండిలా కనిపించినా నిజానికి అది సన్నని ప్లాస్టిక్ రజను. విద్యుదావేశం పొందిన డ్రమ్ముమీద అక్షరాల ఆకారంలో ఈ రజను అంటుకుంటుంది. కాగితానికి వెనుకవైపు నుంచి వ్యతిరేక ఆవేశం ఇచ్చి దానిని కాగితం మీదికి లాగుతారు. తర్వాత సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడి వున్న రోలర్ల మధ్య కాగితం నలిగినప్పుడు ప్లాస్టిక్ కరిగి నారలో పట్టుకుంటుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని.

కాగితానికి కావలసిన గుణాలన్నీ ఈ వరుసలోనే వున్నాయి. కాగితంలో తేమ ఎక్కువైతే ఆవేశం నిలవక జారిపోతుంది, అక్షరం వెలిసినట్లు పడుతుంది. వేడి రోలరు కింద ఆ తేమ ఒక్కసారిగా ఆవిరై కాగితం చుట్టుకుపోయి ఇరుక్కుంటుంది. తేమ మరీ తక్కువైతే షీట్లు ఒకదానికొకటి అంటుకుని రెండేసి లోపలికి వెళతాయి. నూటికి నాలుగు నుంచి అయిదున్నర పాళ్ళ తేమ వున్న కాగితం ఈ యంత్రాలకు అనుకూలం. వర్షాకాలంలో కాకినాడలోనో, మచిలీపట్నంలోనో రీము కవరు చించి రాత్రంతా బల్లమీద వదిలేస్తే, మర్నాటికి ఆ కాగితం ఈ హద్దు దాటి వుంటుంది. తప్పు మిల్లుది కాదు, గాలిది. అయినా తిట్లు తినేది దుకాణదారే.

కాగితం నునుపుగా వుండాలి, కాని అద్దంలా వుండకూడదు. మరీ గరుకైతే గుంతలలో టోనరు పడదు. మరీ నునుపైతే లోపలికి లాగే రబ్బరు చక్రం జారిపోతుంది. అంచులు శుభ్రంగా తెగి వుండాలి. మొద్దుబారిన కత్తితో కోసిన కాగితం అంచు నుంచి రాలే నూగు డ్రమ్ము మీద చేరి ప్రతి పేజీకి గీతలు పెడుతుంది. చవక రీము తెరిచి అంచుల మీద నల్లని గుడ్డ ఒకసారి తుడిచి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. తెల్లని పొడి బాగా అంటితే ఆ సరుకు యంత్రానికి పనికిరాదు. నార వరుస కాగితం పొడవు వెంట సాగి వుండటం కూడా అవసరం. పెద్ద రీళ్ళ నుంచి చిన్న గోడౌన్లలో కోసి కట్టే కొన్ని రకాలలో ఈ నియమం పాటించకపోవడం కద్దు.

ఇక ధర. రీముకు 250 రూపాయల కాగితం, 230 రూపాయల కాగితం వున్నాయనుకుందాం. తేడా షీటుకు నాలుగు పైసలు. పేజీకి టోనరు ఖర్చు ఒక రూపాయి వేసుకుంటే, చవక రీములో 14 షీట్లు ఇరుక్కుని చెడేసరికి మిగిలిన ఇరవై రూపాయలూ పోయినట్లే. మెకానిక్కు కూలి, కౌంటరు ముందు నిలబడ్డ ఖాతాదారు విసుగు ఈ లెక్కలో చేర్చలేదు.

తూకం చెప్పే నిజం

కాగితం కవరుమీద 70, 75, 80 జీఎస్ఎం అని వుంటుంది. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె ఇది. దీనిని చేతితో తాకి పోల్చడం ఆరితేరిన వ్యాపారికి తప్ప సాధ్యం కాదు. అయితే ఏ4 సైజు కొలతలోనే ఒక సౌకర్యం వున్నది. ఏ0 అనే పెద్ద షీటు వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు. దానిని నాలుగుసార్లు సగానికి మడిస్తే వచ్చేది ఏ4. అంటే 16 ఏ4 షీట్లు కలిస్తే ఒక చదరపు మీటరు. అందుచేత 80 జీఎస్ఎం ఏ4 షీటు సుమారు 5 గ్రాములు తూగుతుంది. 500 షీట్ల రీము దాదాపు రెండున్నర కిలోలు వుండాలి. 75 జీఎస్ఎం రీము 2 కిలోల 340 గ్రాములు. 70 జీఎస్ఎం రీము 2 కిలోల 180 గ్రాములు. 65 జీఎస్ఎం అయితే 2 కిలోల 30 గ్రాములకు మించదు. పై కవరు బరువు కొద్దిగా తీసివేయాలి. తేమవల్ల కొంచెం అటూ ఇటూ కావడం సహజమే. కాని లోటు వంద గ్రాములు దాటితే అది తేమ చేసిన పని కాదు.

ఈ అంకెలు చిన్నవిగా కనిపించవచ్చు. వాటి వెనుక వ్యాపారం చిన్నది కాదు. ఒక టన్ను కాగితంతో 75 జీఎస్ఎం రీములు 427 కట్టవచ్చు. అదే టన్నుతో 70 జీఎస్ఎం రీములైతే 458 వస్తాయి. డెబ్బైని డెబ్బైఅయిదుగా అమ్మగలిగినవాడికి టన్నుకు 31 రీములు ఊరికే మిగులుతాయన్నమాట. ఆపైన 500 షీట్లని రాసి 480 కట్టే రకాలు వేరు. బంగారం దుకాణంలోనూ, ఉల్లిపాయల బండి దగ్గరా తూకం చూసే జనం, వంద రీముల ఆర్డరు ఇచ్చేటప్పుడు ఒక్క రీమునైనా త్రాసులో పెట్టరెందుకో అర్థం కాదు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా చాలు ఈ పరీక్షకు.

మామూలు కాపియర్ కాగితానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 14490. బరువు, నునుపు, తేమ, తెలుపు, అవతలి అక్షరం కనపడకపోవడం వంటి గుణాలకు ఇందులో హద్దులు వున్నాయి. 2020లో కేంద్ర ప్రభుత్వం ఈ సరుకుకు నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీచేసింది. కవరుమీద ఐఎస్ఐ ముద్ర, దాని కింద లైసెన్సు నంబరు వున్నదీ లేనిదీ చూడటానికి అరనిమిషం పట్టదు. ఐరోపా దేశాలలో పొడి టోనరు యంత్రాల కాగితానికి ఈఎన్ 12281 అనే ప్రమాణం వాడుకలో వున్నది. దిగుమతి సరుకు కవర్లమీద కనిపించేది ఇదే.

తెలుపు వెనుక రసాయనం

చెట్టు కర్ర గోధుమరంగు. అందులోని లిగ్నిన్ అనే బంక పదార్థాన్ని కాస్టిక్, సల్ఫైడులతో ఉడికించి తీసివేసినా గుజ్జు ముదురు రంగులోనే వుంటుంది. దానిని తెల్లబరచడానికి గడచిన శతాబ్దంలో ఎక్కువకాలం క్లోరిన్ వాయువునే వాడారు. అది చవక, పని త్వరగా జరుగుతుంది. కాని లిగ్నిన్‌తో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే పదార్థాలు మురుగునీటితో నదులలోకి చేరి చాలాకాలం విరగకుండా నిలిచివుంటాయి. వాటిలో డయాక్సిన్లు మరీ ప్రమాదకరమైనవి. 1980 దశకంలో అమెరికాలోనూ, స్వీడన్‌లోనూ గుజ్జు మిల్లుల దిగువ నీటిలో, చేపలలో ఇవి బయటపడిన తర్వాత పరిశ్రమ దారి మార్చుకోక తప్పలేదు. క్లోరిన్ వాయువుకు బదులు క్లోరిన్ డయాక్సైడ్ వాడే పద్ధతి వచ్చింది. ఇంగ్లీషు పొడి అక్షరాలలో దీనినే ఈసీఎఫ్ అంటున్నారు. అసలు క్లోరిన్ సంబంధమే లేకుండా ఆక్సిజన్, ఓజోన్, పెరాక్సైడులతో తెల్లబరచేది టీసీఎఫ్. మన దేశంలో ఈసీఎఫ్ గుజ్జుకు ముందుగా మారిన మిల్లులలో భద్రాచలం సమీపంలోని సారపాక వద్ద వున్న ఐటీసీ మిల్లు ఒకటి. అక్కడ ఈ మార్పు 2000 దశకం తొలినాళ్ళలో జరిగింది. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెద్ద మిల్లుల మురుగులో క్లోరిన్ సంబంధ పదార్థాలకు పరిమితి పెట్టడంతో మిగిలినవీ ఆ బాట పట్టవలసి వచ్చింది.

ఇక్కడ కొనుగోలుదారు తెలుసుకోవలసిన చిన్న మర్మం ఒకటున్నది. బజారులో కళ్ళు చెదిరే తెలుపంతా గుజ్జు తెలుపు కాదు. తెల్ల చొక్కాకు చాకలి నీలిమందు పెట్టినట్లుగా, కాగితానికి మెరుపు రసాయనాలు కలుపుతారు. కంటికి కనపడని అతినీల కిరణాలను ఇవి పీల్చుకుని నీలి కాంతిగా తిప్పి పంపుతాయి. దొంగనోట్లు పట్టే నీలి దీపం కింద పెడితే అలాంటి కాగితం భగ్గున మెరుస్తుంది. ఈ రసాయనం వల్ల అక్షరం స్పష్టత రవంత కూడా పెరగదు. టోనరు నలుపు మామూలు తెలుపు మీద ఎంత చక్కగా కనపడుతుందో, మెరుపు తెలుపు మీదా అంతే. పైగా నాలుగేళ్ళు వెలుగు తగిలిన తర్వాత మెరుపు చచ్చి కాగితం పసుపు తిరుగుతుంది. లోపలి ఉత్తరప్రత్యుత్తరాలకు, డ్రాఫ్టులకు, ప్రశ్నపత్రాలకు, బిల్లులకు కొంచెం దిగువ తెలుపు కాగితం ఎన్నుకుంటే రసాయనమూ ఆదా, ధరా ఆదా.

కాగితంలో కలిపే సుద్ద గురించి కూడా అపోహలున్నాయి. సన్నగా నూరిన కాల్షియం కార్బొనేట్ కలపడం కల్తీ కాదు. అవతలి వైపు అక్షరం కనపడకుండా చేసేది అదే. ఆమ్లం పుట్టి కాగితం పెళుసెక్కకుండా కాపాడేదీ అదే. పాతకాలం పటిక కలిపిన కాగితాలు యాభై ఏళ్ళకే పొడిపొడిగా రాలిపోవడం పాత రికార్డులు తిరగేసినవారికి తెలిసిన విషయమే. కాగితం ముక్కను కాల్చి ఆ బూడిదపై నిమ్మరసం చుక్క వేస్తే నురుగు రావడం సుద్ద వున్నదనడానికి గుర్తు. దస్తావేజులు, సర్వీసు రిజిస్టర్లు, కోర్టు కాగితాలు వంటి చిరకాలం నిలవలసిన వాటికి ఈ పరీక్ష నెగ్గిన, లిగ్నిన్ బాగా తీసివేసిన కాగితమే వాడాలి. ఇటువంటి కాగితానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9706.

కర్ర ఎక్కడిది?

పర్యావరణం మాట వచ్చినప్పుడు చెట్లు నరకకూడదని అనడం తేలిక. చెట్టు ఎవరిది, ఎక్కడ పెరిగింది, నరికిన చోట మళ్ళీ ఏమి మొలిచింది అనేది చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

తెలుగు ప్రాంతపు మిల్లుల చరిత్ర అడవి వెదురుతో మొదలైంది. నిజాం కాలంలో, 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూర్ మిల్లు వల్లనే కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్‌గా పేరు మార్చుకున్నది. దశాబ్దాలపాటు అటవీశాఖ చవకగా ఇచ్చే వెదురు మీద మిల్లులు నడిచాయి. 1988 నాటి జాతీయ అటవీ విధానం ఈ ఏర్పాటుకు స్వస్తి చెప్పింది. పరిశ్రమలు తమకు కావలసిన కర్రను రైతుల భూములలో పెంచుకోవాలని ఆ విధానం నిర్దేశించింది. అప్పటి నుంచి పాత ప్రకాశం, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఖమ్మం జిల్లాలలో సుబాబుల్, జామాయిల్ తోటలు, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు తోటలు విస్తరించాయి. రాజమండ్రి, సారపాక, కాగజ్‌నగర్ మిల్లుల గుజ్జుకు ఇప్పుడు ఈ తోటలే ఆధారం. ఈ చెట్ల నార పొట్టిది, దాదాపు ఒక మిల్లీమీటరు. కాగితానికి నునుపు తెచ్చేది ఈ పొట్టి నారే. అందువల్ల లేజర్ ప్రింటరు కాగితానికి ఇది సహజంగా సరిపోతుంది.

సుబాబుల్ మూడు నాలుగేళ్ళకు కోతకు వస్తుంది. నరికిన మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. నీళ్ళు లేని మెట్టభూమిలో, కూలీల ఖర్చు భరించలేని రైతుకు ఇది అనుకూలమైన పంట. అయితే ఇందులో ఒక చిక్కు వున్నది. కర్ర అమ్మకం తూకం మీద జరుగుతుంది. నరికిన కర్ర రోజులు గడిచేకొద్దీ ఎండి తేలికవుతుంది. ధర రాలేదని మిర్చిలాగా శీతల గిడ్డంగిలో దాచుకునే వీలు లేదు. బెరడు ఒలిచే కూలి, లారీ బాడుగ, మిల్లు గేటు దగ్గర పడిగాపులు అన్నీ పోగా మిగిలేదే రైతు ఆదాయం. సుబాబుల్ ధర విషయమై నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల రైతులకూ మిల్లులకూ మధ్య పేచీలు ఏళ్ళ తరబడి నడుస్తున్నవే. ధర పడిన ఏడు రైతులు మోళ్ళు పెరికించి మరో పంట వేస్తారు. మూడు నాలుగేళ్ళకు కర్ర కొరత వస్తుంది, మిల్లు ధర పెంచుతుంది, కాగితం ప్రియమవుతుంది. మళ్ళీ అందరూ సుబాబుల్ వేస్తారు. 2023-24 తర్వాత కర్ర ధర బాగా పెరిగి దేశంలోని మిల్లుల లాభాలు కుంగిపోవడం ఈ చక్రంలో భాగమే.

అదే సమయంలో చవక దిగుమతులు కూడా మిల్లులను ఒత్తిడికి గురిచేశాయి. ఆసియాన్ దేశాలతో వాణిజ్య ఒప్పందం 2010లో అమలులోకి వచ్చిన తర్వాత ఇండోనేషియా కాగితం మన రేవులకు సుంకం భారం లేకుండా చేరే అవకాశం క్రమంగా ఏర్పడింది. 2018లో ఇండోనేషియా తదితర దేశాల కాపియర్ కాగితంపై మన ప్రభుత్వం కొంతకాలం డంపింగ్ వ్యతిరేక సుంకం వేసింది. దిగుమతి కాగితం నాణ్యతలో తీసికట్టు కాదు. యంత్రంలో చక్కగానే నడుస్తుంది. కాని సుమత్రా దీవిలో సహజమైన అడవులు, ఊట నేలలు నరికి, ఎండగట్టి గుజ్జు తోటలు వేసిన చరిత్ర లోకానికి తెలిసినదే. అక్కడి పెద్ద సంస్థ ఒకటి సహజ అడవుల జోలికి పోబోమని 2013లో ప్రకటించవలసి వచ్చింది. ప్రకాశం జిల్లా మెట్టలో రైతు పెంచి నరికిన సుబాబుల్‌నూ, శతాబ్దాల అడవిని కూల్చిన నేలమీద పెరిగిన కర్రనూ కేవలం చెట్టు కాబట్టి ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ముద్రలు చదవడం

ఈ తేడా చెప్పడానికే కవర్లమీద రకరకాల ముద్రలు వున్నాయి. 1993లో ఏర్పడిన ఎఫ్ఎస్‌సీ ముద్ర మూడు రకాలు. నూరు శాతం అన్నది పూర్తిగా ధ్రువీకరణ పొందిన తోటల కర్ర. మిక్స్ అన్నది ధ్రువీకరణ పొందిన కర్రతోపాటు, అక్రమం కాదని తనిఖీ చేసిన ఇతర కర్ర లేక పాత కాగితం కలిసినది. రీసైకిల్డ్ అన్నది పూర్తిగా పాత కాగితం నుంచి తయారైనది. 1999లో వచ్చిన పీఈఎఫ్‌సీ మరొకటి. ముద్ర పక్కనే లైసెన్సు సంకేతం వుండాలి. చెట్టు బొమ్మ, ఆకు బొమ్మ, ‘భూమికి మిత్రుడు’ వంటి మాటలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, వాటికి విలువ లేదు. మన ప్రభుత్వం 1991లోనే మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ పథకం ప్రవేశపెట్టింది. దానికి వచ్చిన ఆదరణ స్వల్పం. 2024లో కొత్త నిబంధనలతో దానికి మళ్ళీ ప్రాణం పోశారు. జర్మనీ 1978 నుంచి నడుపుతున్న నీలి దేవదూత ముద్ర అక్కడి ఆఫీసు కాగితంలో బాగా పాతుకుపోయింది. మన కుండకు ఆ భాగ్యం ఎప్పుడో చూడాలి.

చిన్న రైతుకు మాత్రం ఈ ధ్రువీకరణ ఖర్చు తలకు మించినది. మిల్లులే రైతులను గుంపులుగా చేర్చి సర్టిఫికెట్లు తీసుకునే పద్ధతి అందుకే వచ్చింది.

పాత కాగితం, చెరకు పిప్పి

రీసైకిల్డ్ కాగితం యంత్రాన్ని పాడుచేస్తుందన్న మాట మెకానిక్కుల నోట తరచు వినిపిస్తుంది. ఒకప్పటి నాసి సరుకు విషయంలో అది నిజమే. నార ప్రతిసారీ పొట్టిదై, అయిదారు విడతల తర్వాత పనికిరాకుండా పోతుంది. అటువంటి నార ఎక్కువైతే నూగు రాలుతుంది. కాని కాపియర్ ప్రమాణానికి తయారైన రీసైకిల్డ్ కాగితం ఇప్పుడు లేజర్ ప్రింటర్లలో చక్కగా నడుస్తున్నది. పైన చెప్పిన నల్లగుడ్డ పరీక్ష దీనికీ వర్తిస్తుంది. కొద్దిపాటి చుక్కలు, బూడిద ఛాయ వుంటే రోజువారీ పనులకు ఇబ్బంది లేదు. యాభై ఏళ్ళు దాచవలసిన దస్తావేజుకు మాత్రం వద్దు.

చెరకు పిప్పితో చేసిన కాగితం దక్షిణాదిలో సులభంగా దొరుకుతుంది. తమిళనాడు ప్రభుత్వం కరూరు దగ్గర నెలకొల్పిన మిల్లు 1980 దశకం నుంచి ఇందుకు పేరుపొందింది. చెట్టు నరకని కాగితమన్న ప్రచారంలో వాస్తవం వున్నది. కాని ఒక్క మాట చేర్చాలి. గుజ్జు ఉడికించిన తర్వాత మిగిలే నల్లని ద్రవాన్ని మండించి, రసాయనాలను తిరిగి రాబట్టే బాయిలరు పెద్ద మిల్లుకే వుంటుంది. ఆ ఏర్పాటు లేని చిన్న మిల్లు గడ్డితో చేసినా, పిప్పితో చేసినా ఆ నల్ల నీరు కాలువ పాలయ్యేది. చెట్టు బతికింది, చేప చచ్చింది. సరుకు ఏ పదార్థంతో తయారైందని అడిగినంత శ్రద్ధగా ఏ మిల్లులో తయారైందని కూడా అడగాలి.

చేతి కాగితం అందంగా వుంటుంది, లేజర్ ప్రింటరుకు పనికిరాదు. ఇంక్‌జెట్ కోసం పూత పూసిన మెరుపు కాగితం మరీ ప్రమాదం. ఆ పూత వేడికి కరిగి రోలరుకు అంటుకుంటే యంత్రానికి పెద్ద రిపేరే. పెళ్ళి శుభలేఖలలాగా ఉబ్బెత్తు అక్షరాలతో లెటర్‌హెడ్లు వేయించుకునే లాయర్లు, డాక్టర్లు కూడా గమనించాలి. ఆ ఉబ్బు వేడికి కరిగే పదార్థమే.

రెండు వైపులా

కాగితం ఎంపికలో పర్యావరణానికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది ముద్రా కాదు, పిప్పీ కాదు. షీటుకు రెండు వైపులా అచ్చు తీయడం. వెయ్యి పేజీలు 70 జీఎస్ఎం మీద ఒకవైపే తీస్తే వెయ్యి షీట్లు, అంటే 4 కిలోల 370 గ్రాములు. అవే వెయ్యి పేజీలు 80 జీఎస్ఎం మీద రెండు వైపులా తీస్తే 500 షీట్లు, రెండున్నర కిలోలు. మందం ఎక్కువైనా కాగితం బరువు నూటికి 43 పాళ్ళు తగ్గింది. ఇక్కడే చాలా ఆఫీసులు పొరపడుతున్నాయి. పొదుపు పేరుతో పలుచని కాగితం కొంటారు. అవతలి అక్షరాలు కనిపించి చదవడం కష్టమవుతుంది. రెండు వైపులా తీసేటప్పుడు పలుచని షీటు చుట్టుకుపోతుంది. దానితో సిబ్బంది ఒకవైపుకే పరిమితమవుతారు. పొదుపు చేయబోయి కాగితం రెట్టింపు వాడినట్లవుతుంది.

2020లో సుప్రీంకోర్టు తనకు దాఖలయ్యే కాగితాలకు ఏ4 సైజు, 75 జీఎస్ఎంకు తగ్గని నాణ్యత, రెండు వైపులా ముద్రణ అని నిర్ణయించింది. అంతకుముందు లీగల్ సైజులో ఒకవైపే, అదీ వరుసల మధ్య బోలెడు ఖాళీ వదిలి దాఖలు చేయడం ఆనవాయితీ. ఒక్క ఉత్తర్వుతో ఆదా అయిన కాగితం, ఆ గుట్టలు దాచడానికి కావలసిన గదులు, బీరువాలు ఆలోచించదగినవి. జిల్లాల ఆఫీసులలో టెండర్లు పిలిచేవారు ఈ మూడు షరతులను యథాతథంగా రాసుకుంటే చాలు. ఇప్పటి టెండరు కాగితాలలో తరచు కనిపించే ‘మంచి నాణ్యత గల తెల్లని కాగితం’ అన్న మాటకు అర్థం ఎవరికి తోచినది వారిదే. అతి తక్కువ ధర వేసినవాడికి ఆర్డరు దక్కుతుంది, 65 జీఎస్ఎం సరుకు దిగుతుంది. స్టోరు గుమాస్తా తూచి తీసుకోవాలన్న ఒక్క వాక్యం టెండరులో చేర్చితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

వానల్లో నిల్వ

రీముల కట్టలు నేలమీద కాకుండా చెక్కపలక మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి. వాడే వేళకే కవరు చించాలి. సాయంత్రం ట్రేలో మిగిలిన కాగితాన్ని తిరిగి కవరులో చుట్టిపెట్టాలి. వెచ్చని గోడౌను నుంచి ఏసీ గదికి తెచ్చిన రీమును ఒకరోజు అలాగే వుంచి తర్వాత తెరవాలి. లేకపోతే షీట్ల అంచులు అలలు తేలుతాయి. కవరుమీద బాణం గుర్తు ముందుగా అచ్చు తీయవలసిన వైపును చూపుతుంది. ఆ వైపు మొదట పెడితే చుట్టుకోవడం తగ్గుతుంది. అచ్చయిన కాగితాలను పీవీసీ ప్లాస్టిక్ ఫైళ్ళలో ఏళ్ళ తరబడి వుంచితే టోనరు ఫైలుకు అంటుకుని అక్షరాలు ఊడివస్తాయి. అట్ట ఫైలే మేలు.

ఇక వాడేసిన కాగితం. లేజరు ముద్రణలో ప్లాస్టిక్ కరిగి నారకు అతుక్కోవడం వల్ల, దినపత్రిక సిరాను కడిగినంత తేలికగా దీనిని కడగలేరు. గుజ్జు తొట్టిలో టోనరు బల్లపరుపు పెంకులుగా విరుగుతుంది. వాటిని తీయడానికి అదనపు యంత్రాలు కావాలి. అయినా ఏ4 తెల్ల చిత్తుకు పాత కాగితాల బజారులో దినపత్రికలకన్నా, రంగుల పుస్తకాలకన్నా మంచి ధర పలుకుతుంది. దాని నార బలమైనది, తెల్లనిది. అయితే ఆ ధర దక్కాలంటే సరుకు వేరుగా వుండాలి. టీ కప్పులు, ప్లాస్టిక్ పూత వున్న రీము కవర్లు, కార్బన్ రసీదులు, గమ్ము టేపు అతికించిన కవర్లు అన్నీ కలిపి ఒకే బుట్టలో వేస్తే, కొనేవాడు మొత్తాన్ని కలగాపులగం కింద కట్టి తక్కువ రేటు ఇస్తాడు. ప్రింటరు పక్కన విడిగా ఒక గోనెసంచి పెట్టి, ఒకవైపు ఖాళీగా వున్న షీట్లను ముందు రఫ్ పనికి వాడుకుని, తర్వాత ఆ సంచిలో వేసే దుకాణాలు విజయవాడ, హైదరాబాదు జిరాక్సు వీధుల్లో కొన్ని కనిపిస్తాయి. సంచి నిండినప్పుడల్లా పాత కాగితాల వ్యాపారి కాటాతో వచ్చి తూచుకుపోతాడు. ఈ తూకం వేసేటప్పుడు మాత్రం దుకాణదారు పక్కనే నిలబడి ముల్లు చూస్తాడు.